పౌలు పద్ధతిలో మనం వదిలేసిన సగం: రోలాండ్ అలెన్ గ్రంథం, నేటి సంఘస్థాపన శిక్షణలు

తెలుగునాట సంఘస్థాపన శిక్షణ తరగతులు జరిగే చోట రోలాండ్ అలెన్ పేరు తరచుగా వినబడుతుంది. ఆయన గ్రంథాన్ని మొదటినుండి చివరివరకు చదివినవారు మాత్రం అరుదు. 1912లో లండనులో వెలువడిన ‘మిషనెరీ మెథడ్స్: సెయింట్ పాల్స్ ఆర్ అవర్స్?’ అనే ఆ గ్రంథం ‘మిషనెరీ పద్ధతులు: పౌలువా, మనవా?’ అని అడుగుతుంది. శిక్షణ కరదీపికల్లో అది రెండు మూడు వాక్యాలకు కుదించబడి మన చేతికి వస్తోంది. పౌలు త్వరగా పనిచేశాడు, ఒకచోట ఎక్కువకాలం నిలువలేదు, భవనాలు కట్టలేదు, డబ్బు పంచలేదు. కనుక మనమూ అలాగే చేయాలి అన్నది ఆ వాక్యాల సారాంశం. అలెన్ చెప్పినదానిలో ఇది సగమే. మిగిలిన సగాన్ని వదిలివేయడం వల్ల మన గ్రామ సంఘాలకూ, వాటిని కాస్తున్న సేవకులకూ ఏమి జరిగిందో పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం. అలెన్ వాదంలో మేము అంగీకరించలేని అంశం కూడా ఒకటున్నది. దానినీ ప్రస్తావిస్తాము.

ముందు గ్రంథకర్తను గూర్చి కొద్దిగా. అలెన్ 1868లో ఇంగ్లాండులో జన్మించారు. ఆంగ్లికన్ గురువు. ఎస్.పి.జి. మిషనెరీగా 1895లో ఉత్తర చైనాకు వెళ్ళారు. 1900లో బాక్సర్ల తిరుగుబాటు సమయంలో పెకింగులోని విదేశీ దౌత్య కార్యాలయాల ముట్టడిలో చిక్కుకొని, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశారు. ఆరోగ్యం చెడి స్వదేశానికి తిరిగివచ్చి ఒక గ్రామ సంఘానికి కాపరి అయ్యారు. విశ్వాసంతో సంబంధం లేని తల్లిదండ్రులు అడిగినా వారి పిల్లలకు బాప్తిస్మమివ్వాలన్న నియమాన్ని మనస్సాక్షి ఒప్పుకోక 1907లో ఆ పదవిని వదులుకున్నారు. ఈ రాజీనామా సంగతిని మన శిక్షకులు చెప్పరు. చెప్పితే అలెన్ ఎటువంటి మనిషో విద్యార్థికి తెలిసేది. ఆయనకు సంస్కారాలు చిన్న విషయం కాదు. ఎక్కడ బాప్తిస్మము, ప్రభురాత్రి భోజనము, వాటిని నిర్వహించే పెద్దలు ఉండరో అక్కడ సంఘమున్నదని ఆయన ఒప్పుకోరు. సంస్థాగత సంఘాన్ని తోసిరాజన్న విప్లవకారుడిగా ఆయనను చూపించడం చరిత్రకు విరుద్ధం.

గ్రంథంలోని ప్రధాన వాదం సూటిగా ఉంటుంది. పదేళ్ళకు కాస్త పైచిలుకు కాలంలో పౌలు గలతీయ, మాసిదోనియ, అకయ, ఆసియ అనే నాలుగు రోమా రాష్ట్రాలలో సంఘాన్ని స్థాపించాడు. క్రీ.శ. 47కు ముందు అక్కడ సంఘాలు లేవు. 57 నాటికి అక్కడ తన పని ముగిసిందన్నట్లు అతడు మాట్లాడగలిగాడు. మరి మన మిషన్లు తరాల తరబడి పనిచేసినా సంఘాలు వాటి కాళ్ళపై అవి ఎందుకు నిలబడలేకపోతున్నాయి? దీనికి అలెన్ ఇచ్చే జవాబు వేగం గురించినది కాదు, నమ్మకం గురించినది. పౌలు తాను కన్న సంఘాన్ని పరిశుద్ధాత్మకు అప్పగించి వెళ్ళిపోగలిగాడు, మనం అప్పగించలేకపోతున్నాం. అప్పగించడమంటే వదిలిపెట్టడం కాదు. సంఘానికి జీవించడానికి కావలసిన వాటన్నిటినీ ముందు ఇచ్చి, తరువాత వెళ్ళడం. విశ్వాస ప్రమాణ సారం, సంస్కారాలు, పరిచర్య క్రమం, పరిశుద్ధ లేఖనాలు: ఈ నాలుగూ ఇచ్చాడు కాబట్టే పౌలు వెళ్ళగలిగాడని అలెన్ వాదన.

ఇక్కడ అపొ. కా. 14:23ను కాస్త నిదానంగా చదవాలి. లుస్త్ర, ఈకొనియ, అంతియొకయలలో పౌలు బర్నబాలు ప్రతి సంఘంలోనూ పెద్దలను ఏర్పరచారు. మూలంలో ‘ప్రెస్బుతెరూస్’ బహువచనం, ‘ప్రతి సంఘమునకు’ అన్నది ఏకవచనం. అంటే ఒక్కొక్క సంఘానికి ఒకరికంటె ఎక్కువమంది పెద్దలు. అక్కడ వాడిన ‘ఖెయిరొటొనెయో’ అనే క్రియకు చెయ్యెత్తడం మూలార్థం; 2 కొరింథీ 8:19లో ఇదే క్రియ సంఘాలు ఒకనిని ఎన్నుకోవడాన్ని సూచిస్తుంది. 14:23లో కర్తలు అపొస్తలులే కనుక సంఘస్థుల ఓటు అని దానినుండి నిరూపించలేము. అయినా ఎన్నుకొనబడినవారు ఆ ఊరివారే, ఆ సంఘం ఎరిగినవారే. వారిని బయటి బడికి పంపి, కొన్నేళ్ళకు తెల్లచొక్కాతో తిరిగి తెచ్చినట్లు ఎక్కడా లేదు. పైగా ఒక్కడిని నియమించి, అతనిని ప్రతినెలా లెక్క అప్పజెప్పేవాడిగా చేసినట్లు అసలే లేదు.

ఇప్పుడు మన శిక్షణల సంగతి. 1955లో మెక్‌గావ్రన్ ‘ది బ్రిడ్జెస్ ఆఫ్ గాడ్’ రాసినప్పటినుండి సంఘాభివృద్ధి ఒక శాస్త్రమైంది. 1999లో డేవిడ్ గారిసన్ ‘చర్చ్ ప్లాంటింగ్ మూవ్‌మెంట్స్’ అనే చిన్న పుస్తకంలో, ఒక జనసమూహంలో సంఘాలు సంఘాలను కంటూ త్వరితంగా గుణించబడటమే లక్ష్యమని నిర్వచించారు. అక్కడినుండి వేగం, గుణకారం అనే రెండు మాటలు ప్రపంచ మిషన్ వేదికలన్నిటా స్థిరపడ్డాయి. మన ప్రాంతంలో పనిచేసే అనేక నెట్‌వర్కులు ఈ ఆలోచనలోనివే. వాటి పనితీరు పాఠకులలో చాలామందికి స్వయంగా తెలుసు. కొద్దిపాటి చదువున్న యువకుణ్ణి ఎంపిక చేస్తారు. కొన్ని రోజుల తరగతులు విడతలవారీగా జరుగుతాయి. ఇంగ్లీషు నుండి తెలుగు చేసిన కరదీపిక ఇస్తారు. ఆ తెలుగు గురించి ఇక్కడ మాట్లాడకపోవడమే మంచిది. రెండు మూడు సంవత్సరాలపాటు నెలకింతని సహాయం ఉంటుంది. ప్రతిగా అతడు నివేదిక పంపాలి: దర్శించిన గ్రామాలెన్ని, బాప్తిస్మాలెన్ని, గృహ కూడికలెన్ని, వాటినుండి పుట్టిన కూడికలెన్ని. ఫోటోలు జతచేయాలి.

ఈ పని వల్ల నిజమైన సంఘాలు పుట్టలేదని మేము అనము. పుట్టాయి. పాత మిషన్లు వందేళ్ళలో అడుగుపెట్టని తండాల్లోనూ, కొండ గ్రామాల్లోనూ నేడు ఆరాధన జరుగుతున్నదంటే ఇటువంటి యువకులు సైకిళ్ళమీద తిరిగినందువల్లనే. వారి త్యాగాన్ని తూచడం మా ఉద్దేశం కాదు. మా ప్రశ్న వేరు. ఆ సంఘంలో అధికారం ఎక్కడున్నది? ఊరిలోనా, ఊరి బయటనా? కాపరిని మార్చాలంటే ఎవరు నిర్ణయిస్తారు? క్రమశిక్షణ విషయం వస్తే ఎవరు కూర్చుంటారు? విశ్వాసులు రెక్కలు ముక్కలు చేసుకొని రేకుల షెడ్డు వేసుకుంటే ఆ స్థలం రిజిస్ట్రేషన్ ఎవరి పేరున జరిగింది? ఈ ప్రశ్నలకు జవాబు ఏ పట్టణంలోనో ఉన్న ఒక కార్యాలయమైతే, అలెన్ ఏ మిషన్ పద్ధతిని విమర్శించారో సరిగ్గా దానినే ఆయన పేరు చెప్పి మనం తిరిగి కట్టుకున్నామన్నమాట. అప్పటి మిషన్ కాంపౌండుకు గోడలుండేవి, కనబడేది. ఇప్పటిది నివేదిక పత్రంలో ఉన్నది.

డబ్బు విషయంలో ఈ వైరుధ్యం ఇంకా స్పష్టం. అలెన్ పౌలు ఆచరణనుండి మూడు సూత్రాలు తీశారు. అతడు బోధిస్తున్నవారినుండి తనకొరకు సహాయం కోరలేదు. వారికి తాను డబ్బు తీసుకొని వెళ్ళలేదు. స్థానిక సంఘపు నిధులను తాను నిర్వహించలేదు. శిక్షణ కరదీపికలు ఈ మూడింటినీ ముద్రిస్తాయి. ఆ శిక్షణ జరిగేదే రెండవ సూత్రాన్ని కాదన్న డబ్బుతో. ఇందులో కపటమున్నదని కాదు, ఎవరూ ఆగి ఆలోచించలేదని మా అభిప్రాయం. ఫిలిప్పీయులు పౌలుకు సహాయం పంపారు గదా అని అడుగుతారు. పంపారు (ఫిలిప్పీ 4:15-16). అయితే వారు అప్పటికే సంఘమై ఉన్నారు, అతడు వారిని విడిచి ముందుకు వెళ్ళాడు. కొరింథులో పనిచేయడానికి ఇతర సంఘాల సొమ్ము తీసుకున్నాడు (2 కొరింథీ 11:8). అంటే వచ్చిన సహాయం సేవకుని ముందుకు పంపింది. సంఘాన్ని దాతకు కట్టివేయలేదు.

ఇంతకంటె ముఖ్యమైనది డబ్బు ప్రవహించిన దిశ. కొత్త నిబంధనలో సంఘాలన్నీ కలిసి చేసిన పెద్ద చందా ఏది? మాసిదోనియ, అకయ సంఘాలు యెరూషలేములోని బీదలకొరకు పోగుచేసినది (రోమా 15:26-27, 2 కొరింథీ 8, 9). కొత్త సంఘాలు తల్లి సంఘానికి ఇచ్చాయి. మన నెట్‌వర్కులలో అటువంటి వాడుక ఒక్కసారైనా జరిగిందా? అమెరికాలోని తెలుగు విశ్వాసులు మన పల్లె సంఘాలకు సహాయం చేయడం ఇటీవలి కాలంలో పెరిగింది. మనవారే కనుక సంతోషం. కాని పల్లె సంఘం వారికి తిరిగి ఏదైనా ఇవ్వగలదని గాని, వారి పిల్లలకొరకు ఉపవాస ప్రార్థన చేయమని దానిని ఎవరైనా అడగాలని గాని తోచదు. పుచ్చుకొనేవారిగానే ఉంచబడిన సంఘం పౌలు ఎరిగిన సంఘం కాదు.

ఈ ఏర్పాటు ఎంత బలహీనమైనదో 2020లో తెలిసిపోయింది. ఆ సంవత్సరం సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి వచ్చిన సవరణ, ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది. పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుండి 20 శాతానికి తగ్గించింది. పెద్ద సంస్థ తీసుకొని చిన్న సంస్థలకు పంచే పద్ధతిమీదే అనేక నెట్‌వర్కులు నడిచాయి కనుక, అటువంటి చోట్ల సేవకునికి అందే నెలసరి సహాయం ఆగిపోయింది. అది కరోనా సంవత్సరం కూడా. కూడికలు లేవు, కానుకలు లేవు. చట్టం న్యాయమా కాదా అన్న చర్చ వేరే చోట జరగాలి. మాకు ఇక్కడ కావలసిన సంగతి ఒక్కటే: సహాయం ఆగిన రోజున కొన్ని సంఘాలు తమ కాపరిని పిడికెడు బియ్యంతో, కూరగాయలతో, పాలతో నిలబెట్టుకున్నాయి, మరికొన్ని చోట్ల కాపరి ఆటో తోలడానికి పట్నం పోతే సంఘం చెదిరింది. మేము ఎరిగినంతలో ఈ రెంటికీ తేడా విశ్వాసుల పేదరికంలో లేదు. మొదటి రకం సంఘంలో నలుగురు పెద్దలున్నారు, వారు ఎప్పటినుండో లెక్కలు చూస్తున్నారు. రెండవ రకంలో కాపరి తప్ప ఎవరూ లేరు.

అలెన్‌తో మా విభేదం ఇప్పుడు చెప్పాలి. పౌలు శ్రోతలలో సమాజమందిరంలో లేఖనాలు విని పెరిగిన యూదులున్నారు, దేవునికి భయపడే అన్యజనులున్నారు. అలెన్ ఈ సౌలభ్యాన్ని ఒప్పుకుంటూనే, పౌలు విజయానికి అదే కారణం కాదంటారు. థెస్సలొనీకయలో విగ్రహాలను విడిచి వచ్చినవారున్న మాట నిజమే (1 థెస్స 1:9). అయినా మేము పూర్తిగా సమాధానపడలేదు. ప్రతి పట్టణంలోనూ చదవగలిగినవారు, ఒకే దేవుని ఎరిగినవారు, పాత నిబంధన చేతిలో ఉన్నవారు కొందరైనా ఉండటం, ఆరు నెలలలో పెద్దలను నియమించడానికి తక్కువ సాయం కాదు. అక్షరం ముట్టనివ్వని మాల, మాదిగ పల్లెలలో పుట్టిన తెలుగు సంఘ చరిత్ర ఈ ప్రశ్నను మరింత గట్టిగా అడుగుతుంది.

ఆ చరిత్రే ఒక జవాబును కూడా ఇస్తుంది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది ఒకే రోజున బాప్తిస్మము పొందారు. ఈ సంఖ్యను మనం ప్రతి జూబిలీలోనూ చెప్పుకుంటాం. చెప్పుకోని సంగతులు రెండున్నాయి. కరువు పనులు, సహాయం జరుగుతున్నంతకాలం జాన్ క్లౌ దొరగారు బాప్తిస్మాలివ్వకుండా ఆపారు; గింజలకొరకు వచ్చారన్న మాట రాకూడదని. రెండవది, ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మమిచ్చినది క్లౌ గారు కాదు, అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరి చొప్పున వంతులవారీగా. వచ్చినవారిని పరీక్షించడంలో ఊరూరి బోధకులు తోడుగా ఉన్నారు, ఎవరు ఎవరో వారికి తెలుసు. దీనికి ఆరేళ్ళ ముందే, 1872లో, రామాయపట్నంలో వేదపాఠశాల తెరిచారు. అంటే వేగం కనబడిన చోట దాని వెనుక నిదానం ఉన్నది, అధికారం పంచి ఇవ్వడం ఉన్నది.

డోర్నకల్ మరో ఉదాహరణ. అలెన్ గ్రంథానికి పరిచయవాక్యం రాసినది మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్. అదే 1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకించబడటానికి పట్టుపట్టి పనిచేసినదీ ఆయనే. ఇంగ్లీషు పుస్తకంలో సిద్ధాంతంగా ఉన్నది తెలుగు నేలమీద అదే సంవత్సరంలో ఒక మనిషిగా నిలబడింది. అజరయ్యగారు తమిళుడు, తిరునెల్వేలి విశ్వాసులు తమ సొంత కానుకలతో 1903లో స్థాపించుకున్న మిషన్ సంఘం పక్షాన 1909లో డోర్నకల్ వచ్చారు, తెలుగు నేర్చుకున్నారు. ఆయనకు డిగ్రీ కూడా లేదు. (మన కళాశాలల ప్రవేశ నిబంధనల ప్రకారం ఆయనకు బి.డి.లో సీటు దొరకడం కష్టమే.) ఆయన గ్రామ ఉపదేశకులను ఏళ్ళ తరబడి పనిలో పరీక్షించి, నిలిచినవారిని గురువులుగా అభిషేకించారు. కొత్తగా బాప్తిస్మము పొందినవారిచేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పౌలు మాట (1 కొరింథీ 9:16) పలికించేవారు. సువార్త పని జీతగాడిది కాదు, బాప్తిస్మము పొందిన ప్రతివానిది అని అక్షరం రాని కూలివానికి కూడా ఆ ఒక్క క్రియతో తెలిసేది. డోర్నకల్‌లో మిషన్ నిధులమీద ఆధారం పూర్తిగా పోలేదు. ఆ లోపం మన పాత సంఘాలన్నిటిలో నేటికీ ఉన్నది. కాని నిదానంగా బోధించడం, ధైర్యంగా అధికారమివ్వడం కలిసి సాగగలవని ఆ డయోసిస్ చూపింది. అలెన్ ఆ నిదానానికి తగిన చోటివ్వలేదు. నేటి నెట్‌వర్కులు నిదానాన్నీ వదిలాయి, అధికారమివ్వడాన్నీ వదిలాయి.

వేగమే పౌలు పద్ధతి అనేవారు ఎఫెసును కూడా చదవాలి. తురన్ను పాఠశాలలో రెండేళ్ళు ప్రతిదినము బోధ జరిగింది, ఆసియలో కాపురమున్నవారందరు వాక్యం విన్నది ఆ కాలంలోనే (అపొ. కా. 19:9-10). కొలొస్సయికి సువార్త తీసుకువెళ్ళినది పౌలు కాదు, ఎపఫ్రా (కొలొస్సయి 1:7). పౌలు కాలిబాటన తిరిగిన ఊళ్ళకంటె, ఒకచోట కూర్చుండి నేర్పినందువల్ల ఇతరులు వెళ్ళిన ఊళ్ళు ఎక్కువ కావచ్చు. మూడు వారాల శిక్షణను తురన్ను పాఠశాలతో పోల్చే ఉపన్యాసాలు మేము విన్నాము. పోలిక కుదరదు.

వేదాంత కళాశాలలు దీనిని చదివి సంతోషించనక్కరలేదు. అలెన్ బాణం ముందు తగిలేది వాటికే. పల్లెనుండి వచ్చిన యువకుణ్ణి నాలుగైదేళ్ళు హైదరాబాదులో ఉంచి, బి.డి. ఇచ్చి పంపితే అతడు మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళడం లేదు. వెళ్ళినా పది పదిహేను గ్రామాల పాస్టరేటుకు ఒక్కడే గురువు. అతడు వచ్చిన నెలలోనే ప్రభురాత్రి భోజనం. రాని నెలల్లో ఉపదేశకుడు ప్రార్థన చేయించి పంపుతాడు. సంఘాన్ని సంస్కారాలకు దూరంగా ఉంచడమంటే ఏమిటో అలెన్ చైనాలో చూసి రాసినది ఇదే. 1963లో గ్వాటెమాలాలో ప్రెస్బిటేరియన్లు ఈ ఇబ్బందినుండే, నాయకుణ్ణి ఊరినుండి తీయకుండా ఊరిలోనే చదివించే విస్తరణ వేదాంత విద్యను ఆరంభించారు. 1971 నుండి మన దేశంలోనూ ఆ పద్ధతి ఉన్నది. అయినా ఆ చదువు చదివిన గ్రామ పెద్దకు చేతులుంచి అధికారమివ్వడానికి మన సినడులు వెనుకాడుతూనే ఉన్నాయి. చదువు అందించడానికి ఒప్పుకున్నాం, పాత్ర అందించడానికి ఒప్పుకోలేదు.

కొత్తగా చేరినవాడు అధ్యక్షుడుగా ఉండకూడదన్న 1 తిమోతి 3:6ను ఈ సందర్భంలో తరచుగా అడ్డం పెడతారు. ఆ నియమం పౌలు చాలాకాలం పనిచేసిన ఎఫెసు సంఘానికి రాసినది. ఇటీవలనే సంఘాలు ఏర్పడిన క్రేతులో పెద్దలను నియమించమని తీతుకు రాసినప్పుడు ఆ షరతు కనబడదు (తీతు 1:5-9); గుణలక్షణాల పట్టిక మాత్రం దాదాపు అదే. కనుక కాలం సాపేక్షం, గుణం కాదు. నెట్‌వర్కులవారు ఈ భేదాన్ని గమనిస్తే ఒంటరి యువకునికి బదులు ఆ ఊరిలోనే మంచిపేరున్న ముగ్గురు నలుగురిని వెదకుతారు. వారిలో ఒకరు స్త్రీ కావచ్చు, పొదుపు సంఘం లెక్కలు రాసే అనుభవం ఆమెకు ఉండవచ్చు. పాత సంఘాలవారు గమనిస్తే ఇరవై ఏళ్ళుగా ఆరాధన నడిపిస్తున్న ఉపదేశకుణ్ణి ఇంకా ‘సిద్ధపడుతున్నవాడు’ అనడం మానుతారు.

ఏ నెట్‌వర్కులోనైనా చేరబోతున్న మా విద్యార్థులకు ఒక పని చెబుతున్నాము. ఒప్పంద పత్రంలో నెలసరి సహాయం ఎంత అన్నది చూడకముందు నివేదిక ఫారం అడిగి తీసుకోండి. బాప్తిస్మాలకు గడి ఉంటుంది, గ్రామాలకు గడి ఉంటుంది. నియమింపబడిన పెద్దలెందరు, సంఘపు లెక్కలు ఎవరి చేతిలో ఉన్నాయి, ఈ సంఘం ఈ సంవత్సరం ఇతరులకు ఏమి ఇచ్చింది అన్నవాటికి గడులున్నాయేమో చూడండి. లేకపోతే పెన్ను తీసి గీయండి. ఎవరైనా ఎందుకని అడిగితే అపొ. కా. 14:23 చూపించండి.